బుచ్చవ్వకు రాని కామెర్లు

మెట్‌పల్లి, 1964. సాలెవాడలో మగ్గాలు ఆగిపోయాయి.

కమలవ్వ శవం వాకిట్లో ఉంది. నిండు గర్భిణి. కళ్లు పచ్చగా ఉన్నాయి.

పక్కనే గుంజకు కట్టేసిన ముసలామె బుచ్చవ్వ. నోటినిండా నెత్తురు. ముందు పళ్లు రాయితో ఊడగొట్టారు.

సబ్ ఇన్‌స్పెక్టర్ దశరథం జీపు దిగాడు. ముందు ఆమె కట్లు విప్పించాడు.

"ఎవడు చేసిండు ఇది?"

"నేనే," అన్నాడు కమలవ్వ భర్త కైలాసం. "బాణామతి చేసి నా పెండ్లాన్ని సంపింది. వాడకట్టంత కామెర్లే సార్. దీనికొక్కదానికే రాలే. ఇంకేం సాక్ష్యం గావాలె?"

"బాణామతని నీకెవరు చెప్పిండ్రు?"

"సావుకారి పర్శరాములు."

శవాన్ని పోస్ట్‌మార్టంకు పంపారు. మర్నాడు డాక్టర్ తేల్చి చెప్పాడు.

"విషం కాదు. వైరస్. కాలేయాన్ని తినేసింది, ఇంతే మిగిలింది." పిడికిలి చూపించాడు. "కాలేయం చెడితే పైత్యరసం రక్తంలోకి ఎక్కుతుంది. అందుకే ఆ పచ్చదనం. మలం కలిసిన నీళ్లతో వచ్చే రకం ఇది. చాలామంది కోలుకుంటారు. గర్భిణులకే ప్రాణగండం."

దశరథం తిన్నగా బుచ్చవ్వ గుడిసెకు వెళ్లాడు.

"అవ్వా, నీళ్లు యాడికెల్లి తెచ్చుకుంటవ్?"

"వాగుల ఇసుక తీసి చెలిమె తోడుకుంట బిడ్డా. వాడకట్టంత తాగే బాయి పక్కన సావుకారి పాయఖాన గుంత తవ్విస్తే మొత్తుకున్న. గప్పటిసంది నన్ను బాయి కాడికి రానిస్తలేడు."

దశరథానికి ఒళ్లు మండింది. వాడకట్టునంతా బావి దగ్గరికి పిలిపించాడు.

"పర్శరాములూ, మీ ఇంట్ల ఎవరికన్న కామెర్లు వచ్చినయా?"

"లేదు సార్. దేవుని దయ."

"బుచ్చవ్వకూ రాలే. మరి నువ్వు గూడ బాణామతి చేసినవా?"

సావుకారి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"మీ ఇంటికి నీళ్లు యాడియి?"

"బండి మీద... వాగు నుంచి."

"బాయి నీ ఇంటి ముంగటనే ఉండంగ?"

దశరథం బొక్కెనతో నీళ్లు తోడాడు. చెంబు నింపి అతని మొహం ముందు పెట్టాడు.

"తాగు."

సావుకారి వెనక్కి జరిగాడు.

"సూడుండ్రి! గుంత ఊట బాయిలకు దిగుతుందని వీనికెరుకే. తన ఇంటి నీళ్లు మార్చుకుండు, మీకు చెప్పలే. మనుషులు పడిపోతుంటే తప్పు ముసలిదాని మీదికి తోసిండు!"

కైలాసం కుప్పకూలాడు. బుచ్చవ్వ కాళ్లు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి లాక్కుంది.

"కమలవ్వ కోసమని చెలిమె నీళ్లు మోసుకొస్తి. మీ గడపల్నే కుండ పలగ్గొట్టినవ్ గదరా!"

వాడకట్టులో ఎవరూ తలెత్తలేదు.

దశరథం కానిస్టేబుల్ వైపు తిరిగాడు.

"బేడీలు ఇద్దరికీ వెయ్."