తొలి దోసిలి

ఆరు కావడానికి ఇంకా నలభై నిమిషాలున్నాయి. ఎనిమిది నోళ్ల ఫౌంటెన్ అడుగున, వంగితే తప్ప పట్టని రాతిగదిలో, ఐలవ్వ మోకాళ్లమీద పాకుతూ పాచి గీకుతోంది. పైన చౌక్‌లో బిందెల చప్పుడు అప్పుడే మొదలైంది. స్తంభం మీద, ఊరి నీళ్లను నడిపే యంత్రం జలపాలిక కన్ను ఆమె సాక్షిగుటక కోసం కాచుకుని ఉంది. ఆ గుటక పడితేనే నోళ్లు తెరుచుకుంటాయి.

ఇది జలపాలిక కనిపెట్టిన పద్ధతేమీ కాదు. కలరా ఊరిని ఊడ్చేసిన ఏడాది ఈ ఫౌంటెన్ కట్టారు. మూడంతస్తుల నల్లరాయి, చుట్టూ ఎనిమిది సింహపు నోళ్లు, మోటారన్న మాటే లేదు. కొండమీది చెరువు నుంచి మట్టిగొట్టాల్లో దిగిన నీరు తన బరువుతో తానే పైకి చిమ్మేది. అంత చేసి కట్టినా భయంతో ఒక్కడూ నోట పోసుకోలేదట. అప్పుడు కట్టిన మేస్త్రీ అందరి ముందూ దోసిలి పట్టి తాగాడు. అప్పట్నుంచీ తొలి దోసిలి కావలిమనిషిదే. ఎన్ని సెన్సర్లు వచ్చినా జనం నమ్మింది ఆ గుటకనే. జలపాలిక కూడా చచ్చినట్టు ఒప్పుకుంది.

ఐలవ్వకు ఈ పని నేర్పింది పెద్దబాపు ఓదెలు, వాళ్ల నాన్నకు అన్న. చల్లటి నీళ్లకు పళ్లు జివ్వుమంటున్నాయని రెండేళ్ల కింద దోసిలి ఆమెకు అప్పగించాడు. ఆ రోజు ఆమె మురిపెం చూడాల్సిందే! ఈ లోపలి గదిలోకి మాత్రం ఎప్పుడూ ఆయనే దిగేవాడు. నిన్న నడుం పట్టేసి ఆయన పడుకుంటే, చెప్పకుండా ఇవాళ ఈమె దిగింది.

గీకుడు కత్తి ఆగింది. చెరువుగొట్టం నోరు ఉండాల్సిన చోట సున్నపు బిరడా ఉంది. దానిమీద బొటనవేలి ముద్ర, మధ్యలో అడ్డంగా గాటు. పని ముగిసినచోట వేలు ఒత్తడం వాళ్లింటి అలవాటు. ఆ గాటున్న వేలు పట్టుకునే ఆమె నడక నేర్చింది. పక్కనే నీలిరంగు కొత్త గొట్టం. మేడల్లో స్నానాలూ కడుగుళ్లూ అయ్యాక వడగట్టి వదిలే తిరుగునీటికే ఊళ్లో ఆ రంగు వాడతారు.

ఆమె బయటికి వచ్చేసరికి ఓదెలు నడుం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లోపటికి ఎందుకు దిగినవ్ బిడ్డా?"

"నీ వేలు చూసిన పెద్దబాపు."

ఆయన బుకాయించలేదు. "చెరువు నీళ్లు మేడలోళ్లు మళ్లించుకున్నరు. ఈ గొట్టం పెడితె నోళ్లు నడుస్తయ్, లేకుంటె బంద్ అన్నరు. నేనేం జెయ్యాలె?"

"నాకు చెప్పరాదా?"

"చెప్తె తాగుదువా? తాగినా నీ మొఖం దాస్తదా? నా మొఖం జనం పట్టేస్తరని భయమైంది. నిన్ను చూస్తె ఎవలైనా నమ్ముతరు. అందుకే నీకిచ్చిన."

ఐలవ్వ చేతిలోని గీకుడు కత్తి గట్టుమీద పెట్టింది. నీ చెవి మంచిది, రాయి మాట వింటావు అని ఆయన మెచ్చుకున్నవన్నీ ఉత్తవేనా? పని వచ్చని కాదు, అబద్ధం రాదని ఎంచుకున్నాడు. రెండేళ్లుగా పేట పేటంతా తన మొహం చూసే ఆ నీళ్లు పిల్లల నోట పోసింది. ఆయన ఇంతకంటే తనను చెంపమీద కొట్టినా బాగుండేది.

ఆరయింది. కన్ను పచ్చగా వెలిగింది. ఐలవ్వ తొట్టిలోంచి దోసిలి నింపి నోటిదాకా తెచ్చింది. వరుసంతా చూస్తుండగా వేళ్లు విడదీసింది.

"ఇవి చెరువు నీళ్లు కావు. రెండేండ్లాయె. నాకు తెల్వక తాగిన, మీతోని తాగిచ్చిన."



"గుటక అందలేదు," అంది కన్ను. "ప్రత్యామ్నాయ సాక్షి, పాత కావలి ఓదెలు, ముందుకు రావాలి."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఐలవ్వ పక్కకు జరిగి చోటిచ్చింది.

"రా పెద్దబాపు. ఒక్క గుటక."

ఓదెలు వచ్చాడు. దోసిలి పట్టాడు కూడా. అది గడ్డం దగ్గరే ఆగిపోయింది.

"పళ్లు జివ్వుమంటయ్ బిడ్డా," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

వరుసలో ముందున్న ముసలమ్మ తన బిందె బోర్లించింది. ఆమె వెనకామె బోర్లించింది. కన్ను గుటక కోసం అడుగుతూనే ఉంది.