గులాబీ కుండీకి కాకర చీటీ

ప్రింటరును తిట్టాలంటే తమిళ్‌సెల్వికి తెలుగే కావాలి. తమిళంలో తిడితే పక్క గదిలో ఉన్న మేనేజరు సుబ్బరాయన్ తననే అంటోందనుకుంటాడు. ఇంగ్లీషులో తిడితే తిట్టినట్టే ఉండదు. ఊరంతా తమిళమే నడిచే లాస్‌పేటలోని ఆ పూదోటల సంఘం ఆఫీసులో తెలుగు తెలిసిన ప్రాణి తనొక్కతే కాబట్టి, ఎంత తిట్టినా అడిగేవాడు లేడు.

"మింగేదానికి కాగితాలు కావాల, కక్కమంటే మాత్రం సగమేనా? నీ నోట్లో మన్నుబడ!"

ప్రింటరు కుయ్యిమంటూ ఇంకో తెల్ల కాగితం బయటికి తోసింది.

సంఘం వాళ్ళ పూల ప్రదర్శన దగ్గర పడుతోంది. కుండీలకు కట్టే చీటీలన్నీ ఒకే ఒక పాత ఎక్సెల్ ఫైల్లో ఉన్నాయి. రిటైరై వెళ్ళిపోయిన పట్టాభిరామన్ సారు ఏ కాలంలోనో చేసిన ఫైలది. వరుసకొక మొక్క, దాని పేరు ఇంగ్లీషులో, తమిళంలో, తెలుగులో పక్కపక్కన. యానాం నుంచి కూడా జనం వస్తారు కనుక తెలుగు తప్పనిసరి. ప్రింటు తీసి వరుసకొక చీటీగా కత్తిరించుకోవాలి. కానీ ఈ ఏడాది ప్రింటు కొడితే తెలుగు పేర్లు మాత్రం అలిగినట్టు విడిగా ఇంకో కాగితం మీద పడుతున్నాయి. ఆ వెనక అన్నీ తెల్ల కాగితాలే.

"సెల్వీ, కంప్యూటర్ పిల్లాడొచ్చాడు. ఏం బాగాలేదో చూపించు," అని సుబ్బరాయన్ తమిళంలో కేకేశాడు.

గుమ్మంలో ఒక యువకుడు హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బయట వాన. ఆ వానలో సగం అతని చొక్కాలోనే ఉంది.

"ఏమి చూపించేది? ఇప్పుడే నేలంతా తుడిపించినాను. దున్నపోతు మాదిరి నీళ్ళు కారుస్తా వచ్చి నిలబడుండాడు," అని సెల్వి తనలో తాను సణుక్కుంది.

"ఆయ్! దున్నపోతంటే మా యానాంలో కూడా దున్నపోతేనండి," అన్నాడతను.

సెల్వికి భూమి బద్దలైతే బాగుండుననిపించింది. చాలా రోజులుగా తను తప్ప ఎవరూ పలకని భాష, ఇంకో గొంతులోంచి, అదీ నవ్వుతూ వచ్చేసరికి చెయ్యి చేసే పని మర్చిపోయింది.

"నీకి తెలుగొచ్చునా?"

"దొరబాబండి నా పేరు. మాకు అదొక్కటే వచ్చండి. మీ పేరు తమిళ్‌సెల్వి అన్నారు సారు. తమిళం పేరు పెట్టుకుని తెలుగులో తిడుతున్నారేంటండి?"

"పేరు మా నాయన పెట్టింది. తిట్లు మా అమ్మవి," అంది సెల్వి. ఆ మాట నవ్వుతూ మొదలుపెట్టింది కానీ చివరికొచ్చేసరికి ప్రింటరు వైపు తిరిగిపోయింది.

అమ్మ పోయి ఏడాది దాటింది. మురుంగపాక్కంలో వాళ్ళ ఇల్లు నిండుగానే ఉంది. అన్న చంద్రన్, వదిన సుధ, వాళ్ళ చిన్న పాప. సుధ కురుచికుప్పం నుంచి వచ్చిన తమిళ పిల్ల, మంచిదే. కానీ అమ్మతోపాటు ఆ ఇంట్లో తెలుగు కూడా పోయింది. సెల్వి తెలుగులో అడిగితే అన్న తమిళంలో బదులిస్తాడు. పెళ్ళాం ముందు అర్థంకాని మాటలెందుకని అతని బాధ. కొన్నాళ్ళకు సెల్వి అడగడం మానేసింది. వదినతో "కూర చాలా?", "పాప నిద్రపోయిందా?" లాంటి ఇంటిపని మాటలు తప్ప ఏమీ ఉండవు. ఇంటినిండా మనుషులున్నా సెల్వి ఒంటరిదే.

దొరబాబు తల తుడుచుకుని కుర్చీ లాక్కున్నాడు. పేజీ ఎక్కడ తెగుతోందో చూపించే నీలిగీత తెరమీదికి తెచ్చాడు. ఆ గీత సరిగ్గా తెలుగు కాలమ్ ముందు నిలబడింది.

"యంత్రంలో ఏ-ఫోర్ కాగితం పెట్టారు, ఫైల్లో లెటర్ సైజని ఉంది. పైగా మార్జిన్లు గజమేసి. తెలుక్కి చోటెక్కడుంటుందండి?"

"అన్నీ ఒకే పేజీలో పట్టించమని నేను నొక్కి చూసినాను. అచ్చరాలు చీమలైపోయినాయి. పూలతో బాటు భూతద్దం కూడా ఇయ్యాలనుకున్యా."

"ఇచ్చుంటే ప్రదర్శన ఇంకా బాగుండేదండి."

కాగితం సైజు మార్చాడు, మార్జిన్లు తగ్గించాడు. తెల్ల కాగితాలెందుకొస్తున్నాయో మాత్రం వెంటనే దొరకలేదు. కుడివైపుకి జరుపుకుంటూ, జరుపుకుంటూ పోయి, ఖాళీ గళ్ళ మధ్య ఎక్కడో ఆగాడు.

"ఇదిగోండి దొంగ. ఎవరో పొరపాటున ఇక్కడొక చుక్క కొట్టి వదిలేశారు. అది ఇంత దూరంలో ఉన్నందుకు, దాన్ని కూడా ప్రింటు చేయాలని యంత్రం అన్ని కాగితాలూ దాటుకుని వస్తోంది."

చుట్టూ ఏమీ లేని ఆ గడిలో చుక్క. సెల్వికి ఎందుకో దానిమీద జాలేసింది.

"తీసెయ్యనాండి?"

"తీసెయ్, దానికి మాత్రం ఏమి సుఖం ఆడ," అంది.

ఈసారి ప్రింటు చక్కగా వచ్చింది. మూడు పేర్లూ ఒకే కాగితం మీద. సెల్వి సంబరంగా దాన్ని అందుకునేలోపే దొరబాబు పగలబడి నవ్వాడు.

"అయ్యబాబోయ్! గులాబీకి ఎదురుగా కాకరకాయ అని పెట్టారేంటండి? మల్లెపువ్వేమో జిల్లేడంట! ఎవరండి ఇది సరిచూసింది?"

సెల్వి మొహం మాడిపోయింది. సరిచూసింది తనే. తెలుగొచ్చిన పిల్ల కదా అని సుబ్బరాయన్ ఆ పని తనకే అప్పజెప్పాడు.

"నాకి చదవను రాదు," అంది మెల్లగా. "మాట్లాడేది ఒకటే. బళ్ళో అంతా తమిళమే. మా వీధిలో ముందు తెలుగోళ్ళు ఉన్యారు, ఒక్కరికీ అచ్చరం రాదు. సారు అడిగితే రాదని చెప్పేదానికి సిగ్గైంది. గుండ్రంగా ఉండాయి కదా, సరిగానే ఉంటాయని చెప్పేసినాను."

దొరబాబు నవ్వు ఆగిపోయింది. ఏమీ అనకుండా ఫైల్లోకి తొంగిచూశాడు.

"మీరేమైనా సార్ట్ కొట్టారాండి?"

"ఇంగ్లీషు అచ్చరాల వరసలో పెట్టమంటే కొట్టినాను."

"అదేనండి. మధ్యలో ఒక ఖాళీ కాలమ్ ఉంది. దానికి ఇటున్నవి కదిలాయి, అటున్న తెలుగు కదల్లేదు. సేవ్ కూడా అయిపోయింది. ఇంక వెనక్కి పోలేం. ఒక్కొక్కటీ జత కలుపుకోవాల్సిందే."

సుబ్బరాయన్ వచ్చి ఆలస్యమెందుకని గట్టిగా అడిగాడు. దొరబాబు వచ్చీరాని ఇంగ్లీషులో ఫైలు పాతబడిపోయిందనీ, తప్పంతా దానిదేననీ చెప్పాడు. సెల్వి తలెత్తి అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అతను వచ్చేవాడు. చదవడం అతని వంతు. అతనికి తమిళం రాదు, మొక్కలు తెలియవు. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఇద్దరూ లేకపోతే ఒక్క వరుసా కదలదు.

"నందివర్ధనం."

"కింద ఉండాది చూడు. ఆ... అదే."

"చామంతి."

"అట్లాంటే ఏంది?"

"పసుపుగా, రేకులు రేకులుగా, ఆడవాళ్ళు తల్లో పెట్టుకుంటారండి."

"సెవ్వంతా! దాన్ని పట్టుకుని చామంతి అంటావేమి?"

"చామంతిని చామంతి అనక చేమదుంప అంటారాండి?"

"సెవ్వంతి అంటారు. మా అమ్మ అట్లే అంటుంది."

అంటుంది కాదు, అనేది అని మళ్ళీ తనే మెల్లగా దిద్దుకుంది. అతను విని, తర్వాతి పేరు చదవకుండా కాగితం పక్కన పెట్టాడు. కిటికీ మీద వాన పడుతోంది.

"ఇంకా ఏమేం అనేవారండి మీ అమ్మగారు?" అని అడిగాడు.

అమ్మ పోయాక ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. సెల్వి చెప్పడం మొదలుపెట్టింది. ఆరోజు మొక్కలేవీ కదల్లేదు.

"ఇంతకీ నన్ను నువ్వు నువ్వు అంటారేంటండి? నేను మీరంటుంటే?"

"మా ఇంట్లో దేవుడికి కూడా నువ్వే. నీకి మాత్రం ఏమి గొప్ప?"

"దేవుడి లెక్కలో వేశారు, చాలండి."

ప్రదర్శన బాగా జరిగింది. గులాబీకి గులాబీ చీటీ, కాకరకు కాకర చీటీ. యానాం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చీటీలన్నీ బయటికి చదువుకుంటూ నడుస్తుంటే సెల్వి ఆమె వెనకాలే నడిచింది.

ఆ సాయంత్రం కుండీలు సర్దుతుండగా దొరబాబు చెప్పాడు. ఇక్కడ తన కాంట్రాక్టు అయిపోయిందట. యానాంలోనే పని దొరికిందట. మర్నాడే ప్రయాణమట.

సెల్వి చేతిలో కుండీ అలాగే ఉండిపోయింది. "నువ్వు పోతే నేను తెలుగు ఎవురితో మాట్లాడేది?"

అతని మొహం మారింది. "అంటే, తెలుక్కోసమాండి ఇన్నాళ్ళూ?"

"అట్లా కాదు..."

"మా ఊళ్ళో ఏ రాయి విసిరినా తెలుగొచ్చినోడికే తగులుతుందండి. వాళ్ళల్లో ఎవరొచ్చి కూర్చున్నా మీకు ఇలాగే ఉండేదా?"

అబద్ధమైనా కాదనేసి ఉండాల్సింది. కానీ అతనితో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, నిజం తనకే తెలియదు. ఆమె వంగి కుండీని కింద పెట్టడం చూసి అతను హెల్మెట్ తీసుకున్నాడు.

"ఫైల్లో ఏదైనా తేడా వస్తే ఫోన్ చెయ్యండి," అని వెళ్ళిపోయాడు.

ఫైల్లో ఏ తేడా రాలేదు. అంత బాగా చేసిపోయాడు. ఎప్పుడు కొట్టినా ప్రింటు సక్రమంగా వచ్చేది. అలా వచ్చినప్పుడల్లా సెల్వికి ఏడుపొచ్చేది.

కొన్నాళ్ళకు పక్క వీధి మణియమ్మ అత్త ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయి పేరు వెట్రివేల్. పొలాలున్న కుటుంబం, ఇంట్లో తెలుగే. చూపులకొచ్చి కూర్చున్నాడు. చక్కటి మనిషి, పొగరు లేదు.

"మా తోటలో ఈ తూరి సెవ్వంతి వేసుండాము. నువ్వు యాడ పని చేసేది? లాస్‌పేటలోనా?"

అచ్చం అమ్మ మాటే. అదే యాస, అదే సాగదీత. ఇన్నాళ్ళూ దేనికోసం అలమటించిందో అది ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడుతోంది. సెల్వి అడిగినదానికి బదులు చెప్పింది. తర్వాత చెప్పడానికి ఏమీ తోచలేదు. సెవ్వంతిని ఎవరూ కాదనకపోతే ఆ మాట ఎంత చప్పగా ఉందో! ఈ సంగతి దొరబాబుకి చెప్తే ఎంత నవ్వుతాడో అనుకుంది. అనుకున్నాక, అతను అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు తెలిసింది.

వచ్చినవాళ్ళు వెళ్ళారు. వాన మొదలైంది. ఆరేసిన బట్టలు తీసే వంకతో సెల్వి మిద్దెమీదికి వెళ్ళి, మెట్ల పైనున్న రేకు కింద నిలబడి ఫోన్ చేసింది.

"చెప్పండి మేడం. ఫైల్లో ఏమైంది?" మేడం అనే మాట చెంప మీద కొట్టినట్టుంది.

"ఫైలుకేమి, బాగుండాది. నన్ను ఒకటి అడిగి పోయినావు కదా. తెలుక్కోసమా అని."

అతన్ని మాట్లాడనివ్వకుండానే అందుకుంది.

"తెలుగులో చెప్తే మళ్ళా తెలుక్కోసమే అంటావు. అందుకే తమిళంలో చెప్తా, విను." రేకు మీద వాన చప్పుడుకి గొంతు పెంచాల్సి వచ్చింది. "ఎనక్కు నీ దాన్ వేణుం! వేరె యారుం వేండాం!"

ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఉన్నావా? అర్థమైందా?"

"వేణుం, వేండాం... ఆ రెండూ తెలుసండి," అన్నాడు దొరబాబు. "అక్కడి మెస్సులో ఆ రెండు మాటలతోనే బతికానండి. నువ్వే కావాలి, ఇంకెవరూ వద్దు. అంతేనా?"

"అంతే."

"నాక్కూడా అంతేనండి. వచ్చినరోజు నుంచీ."

సెల్వి నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. మెట్ల మీద వదిన సుధ తడిబట్టలు గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో సెల్వి రహస్యాలన్నీ తెలుగులోనే ఉండేవి. అందుకే ఏ మూల నిలబడి మాట్లాడినా భయముండేది కాదు. ఈ ఒక్క మాట మాత్రం అందరికీ అర్థమయ్యే తమిళంలో, అదీ కేకేసి చెప్పింది.

"వదినా... అది..."

సుధ బట్టలు కింద పెట్టింది. కోపంగా లేదు, కళ్ళు చెమ్మగిల్లాయి. తమిళంలో నెమ్మదిగా అంది, "నేనీ ఇంటికొచ్చిన నాటినుంచీ నువ్వూ అత్తా మీ మాటల్లో మీరు నవ్వుకునేవాళ్ళు. నా గురించే అనుకునేదాన్ని. అత్త పోయాక నువ్వు మాట్లాడ్డమే మానేశావు. నేనంటే గిట్టదనుకున్నా. నీకేం కావాలో నాకు అర్థమయ్యేలా చెప్పడం ఇదే మొదటిసారి, సెల్వీ."

ఇంట్లో ఒంటరిది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ. గబగబా వెళ్ళి వదినను పట్టుకుంది.

"మీ అన్నతో నేను మాట్లాడతా. మణియమ్మత్తకు కూడా నేనే చెప్పుకుంటా," అంది సుధ, ఆమె వీపు నిమురుతూ. ఫోన్ వైపు చూసింది. "అతను లైన్లోనే ఉన్నాడా? ఇటివ్వు."

"ఆయనకు తమిళం రాదు వదినా."

"ఇవ్వవే."

సుధ ఫోన్ అందుకుంది. అత్తగారు సాయంత్రమయ్యేసరికి కొడుక్కి ఫోన్ చేసి ఏమడిగేదో, పొయ్యి దగ్గర నిలబడి ఆమె ఏళ్ళ తరబడి విన్నది. తనకొచ్చిన తెలుగంతా కూడగట్టుకుని, ఒక్కో ముక్కా పేర్చుకుంటూ అడిగింది.

"ఎప్పుడు... వస్తావు?"

అవతలినుంచి దొరబాబు గడగడా ఏదేదో చెప్పుకుపోయాడు. సుధ అయోమయంగా ఫోన్ చెవి నుంచి తీసి, "ఏమంటున్నాడే?" అని అడిగింది.

సెల్వి వదిన పక్కన మెట్టు మీద కూర్చుని, అతను అన్న ప్రతి మాటా తమిళంలో చెప్పసాగింది.