కింద తాడు పట్టింది ఎవరు?

ఆ మధ్యాహ్నం మంచు ఇంకా విడవలేదు. పడవ మీద ముప్పై అడుగుల తెరచాప కొయ్య. దాన్ని నిలబెట్టే ఇనుప తీగలు చూడటం నా పని. తాడుకి వేలాడే పలక మీద కూర్చుంటే కింద నుంచి మా బావమరిది కప్పీ మీదుగా తాడు లాగి పైకి పంపిస్తాడు. నడుముకి రెండో తాడు కట్టుకోవాలి, అదీ పద్ధతి. అది షెడ్డులో మర్చిపోయాను. తెచ్చుకోవడానికి బద్ధకం. ఇరవై ఏళ్ల అనుభవం కదా, మనకేమవుతుందిలే అనుకున్నాను. అతి తెలివి!

కింద వాడు తల ఎత్తకూడదు, పైనుంచి మేకులూ పిన్నులూ కంట్లో పడతాయి. రెండుసార్లు తాడు గుంజితే దించాలి.

కొస దాకా వెళ్లాను. తుప్పు, తడి తాడు వాసన.

"ఇక్కడ తీగ పిన్ను అరిగి చచ్చిందిరోయ్!" అని అరిచాను. వాడు పలకలేదు. వాడెప్పుడు పలికాడు గనక?

మిగతా తీగలు ఒక్కొక్కటీ వేలితో మీటి చూశాను. ఒకటి వదులైంది, మర తిప్పి బిగించాను. కాస్త కిందున్న అడ్డకర్ర దగ్గర చూడాలని తాడు రెండుసార్లు గుంజాను. పలక మెల్లగా దిగింది. మా వాడు దించితే పళ్లు కదులుతాయి, ఇవాళ కుదుపన్నదే లేదు.

"చెయ్యి తిరిగిందిరా నీకు!" అన్నాను మెచ్చుకోలుగా.

అప్పుడు గట్టు మీద నుంచి కేక వినిపించింది. "బావా! కొత్త పిన్ను దొరికింది! తాడు గూటానికి కట్టే వచ్చాలే, కంగారుపడకు!"

వాడి గొంతే... గట్టు మీద.

కిందికి చూశాను. మంచులో ఎవరో నిలబడి ఉన్నారు. తల వంచుకుని. రెండు చేతులతో నా తాడు పట్టుకుని.

"ఎవరది?" అన్నాను.

తాడు జానెడు జారింది. ఆగింది. మళ్లీ జానెడు...

కొయ్యని కావలించుకున్నాను. నున్నటి కొయ్య, పట్టు దొరకదు. నన్ను మోస్తున్నది ఆ ఒక్క తాడే. మా వాణ్ణి పిలుద్దామా? పిలిస్తే ఆ చేతులు వదిలేస్తే? నోరు మూసుకున్నాను. చచ్చేంత భయమేసింది, దాచుకోవడం ఎందుకు?

పడవ ఊగింది. మా వాడు ఎక్కాడు.

"ఒరేయ్... నీ పక్కన ఎవరున్నారు?" అన్నాను గుసగుసగా.

"ఎవరుంటారు బావా? కట్టిన తాడు కట్టినట్టే ఉంది."

మళ్లీ చూశాను. వాడొక్కడే. అమ్మయ్య అనుకున్నాను. కళ్లు మోసం చేసి ఉంటాయి.

"దించరా బాబూ, త్వరగా దించు."

ముడి విప్పాడు. పలక ఒక్కసారిగా మూడడుగులు పడి ఆగింది. కింద వాడి కాళ్లు చెక్క మీద జారిన చప్పుడు.

"బావా..."

"ఏంట్రా?"

"ఇందాక ఒక్కణ్ణే కదా పైకి పంపాను..." రొప్పుతున్నాడు. "ఇప్పుడు ఇద్దరి బరువుందేంటి? నా చేతులు ఆగడం లేదు..."

నేను వెనక్కి తిరగలేదు. నా నడుం చుట్టూ ఏదో చల్లగా బిగుసుకుంటోంది.