గరుడకనుమలో మూడు వందల రాళ్ళు

గరుడకనుమ మలుపు తిరిగిన ఓబులమ్మకు మూడు వందల మంది సైనికులు నిలువునా రాళ్ళయిపోయి కనిపించారు.

నెత్తిమీది ఉప్పు మూట దించకుండానే ఆమె ఒక్కొక్కరి ముఖం చూస్తూ నడిచింది. ఒకడు భేరి మీదికి కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. ఇంకొకడు ఒంటికాలి మీద నిలబడి పాదంలో ముల్లు తీసుకుంటున్నాడు. ముందు వరుసలో ఆమె అన్న సంగప్ప ఎవరి మాటకో నవ్వబోతూ ఆగిపోయాడు. చెంప తాకితే చల్లగా, గరుకుగా తగిలింది. పాదాల దగ్గర అప్పుడే పచ్చటి నాచు మొలిచింది.

ఓబులమ్మ మూట అక్కడే పడేసి పరుగందుకుంది. రత్నకూటం కోట అక్కడికి రెండామడల దూరం. పొద్దు నడినెత్తికి రాకముందే ఆమె రాణి హేమాంబిక సభలో నిలబడి చూసినదంతా చెప్పింది.

నాచు మాట వినగానే ఆస్థాన వైద్యుడి ముఖం వాడిపోయింది.

“ఆ నాచు రోజుకొక జానెడు పాకుతుంది మహారాణీ. గుండె దాకా వచ్చిందంటే ఇక ప్రాణం తిరిగి రాదు. ఏడు రోజులే గడువు. కనుమ పైన కొండకొమ్మున ఒక రాక్షసి కాపురం ఉంది. రాయిని మళ్ళీ మనిషిని చేసే నీళ్ళు ఆమె దగ్గరే ఉన్నాయని మా తాతలు చెప్పేవారు.”

“ఎవరు వెళతారు?” అంది రాణి.

కోటలోని సైన్యమంతా కనుమలోనే ఉంది. మిగిలిన సేనాని బయ్యనాయకుడు అరవై దాటినవాడు. పాత యుద్ధంలో బల్లెం దిగిన కాలు కుంటుతోంది.

“నేను పోతా తల్లీ. ఆ రాళ్ళలో మాయన్న ఉండాడు,” అంది ఓబులమ్మ.

బయ్యనాయకుడు ఆమెను గుర్తుపట్టాడు. రత్నకూటంలో సైనికుడు కావాలంటే రెండు పరీక్షలు దాటాలి. చిల్లిగిన్నె నీళ్ళలో మునిగేలోగా ఇసుక మూట మోస్తూ కోట చుట్టూ మూడుసార్లు పరుగెత్తాలి. ఆ తరువాత విద్యాపీఠం ఇచ్చిన యోగ్యతాపత్రం చూపించాలి. ఆ రెండూ దాటనివాడిని రాజకార్యం మీద కోట దాటించరు.

“పోయినేడు వచ్చిన పిల్లవే కదూ?” అన్నాడు సేనాని. “మూడు చుట్లు తిరిగొచ్చావు. గిన్నె సగం కూడా మునగలేదు. నా ముప్పై ఏళ్ళలో అలాంటి పరుగు చూడలేదు. కానీ నీ పత్రం ఏదమ్మా?”

“ఉప్పు మోసేదానికి పత్రం ఎవరిస్తారు సామీ? మాయన్నను చదివించాలనే కదా నేను రెండు మూటలు మోస్తి!”

“నిబంధన నిబంధనే.”

“అలాగయితే నేను వెళతాను. నా దగ్గర పత్రం ఉంది,” అని సభ వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

అతను అనంతుడు. విద్యాపీఠంలో అందరికంటే ముందు నిలిచిన విద్యార్థి. గాలి గట్టిగా వీస్తే పడిపోయేలా ఉన్నాడు.

ఓబులమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. “నువ్వా అయ్యోరా? పోయినేడు మొదటి చుట్టులోనే మూట మీద నువ్వు పడితివో, నీ మీద మూట పడిందో మాకు తెలీకపాయె!”

అంత దుఃఖంలోనూ సభ నవ్వింది. రాణి మాత్రం నవ్వలేదు.

“పరీక్షలో గెలిచినవాళ్ళంతా రాళ్ళయ్యారు. మాకు మిగిలింది తప్పినవాళ్ళే,” అందామె. “ఇద్దరూ వెళ్ళండి. ఒకరిని విడిచి ఒకరు తిరిగి రావద్దు.”

రెండో రోజు వాళ్ళకు వాగు అడ్డం వచ్చింది. ఒడ్డున చీమలు తినే అలుగు ఒకటి, ఎద్దంతది, ముడుచుకుని పడుకుని ఉంది. ఒళ్ళంతా ఇత్తడి పొలుసులు.

“నన్ను అవతలి ఒడ్డుకు మోసినవాళ్ళకే దారి. ఈత రాక ఏడాదిగా ఇక్కడే పడి ఉన్నాను,” అంది అలుగు.

అనంతుడు దాని బరువు లెక్క కట్టబోయాడు. ఓబులమ్మ తలగుడ్డ చుట్ట చుట్టి, మోకాళ్ళు వంచి, “ఊఁ, ఎక్కు” అంది. వాగు మధ్యలో నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. కాళ్ళ కింద గులకరాళ్ళు జారాయి. ఆమె నాలుగడుగులకు ఊపిరి పీల్చి, నాలుగడుగులకు వదులుతూ గట్టెక్కింది.

అలుగు సంతోషించి పుట్టమన్ను పిడికెడు ఇచ్చింది. “పైన పసిరాక్షసుడు ఉన్నాడు. పుట్టి నెల తిరగలేదు. వాడి ఏడుపు విన్నవాడు రాయే. ఈ మన్ను తడిపి చెవుల్లో పెట్టుకోండి.”

ఆ పైన అంతా నిట్టనిలువు కొండ. వంద అడుగులకే అనంతుడు కూలబడ్డాడు.

“నన్ను వదిలేసి వెళ్ళు ఓబులమ్మా.”

“ఉప్పు మూటకంటే నువ్వే తేలిక. మూట మాట్లాడదు, అదొక్కటే తేడా,” అని ఆమె అతన్ని వీపున వేసుకుంది.

అతను సిగ్గుపడ్డాడు. మరునాడు తానే నడుస్తానన్నాడు. ఓబులమ్మ తన నాలుగడుగుల ఊపిరి నేర్పింది. ఆగిన చోటల్లా అతను మట్టిలో అక్షరాలు రాసి చూపించాడు. నాలుగో రోజు సాయంకాలం వాళ్ళు గుహ ముందుకు చేరారు. గుమ్మం పైన రాతిలో ఒక మాట చెక్కి ఉంది.

“రావద్దు,” అని చదివాడు అనంతుడు.

ఓబులమ్మ ఆ గీతల మీద వేలు పెట్టి మెల్లగా దిద్దింది. “ఇంత పెద్ద మాట మూడక్షరాల్లో పట్టిందా?” అని ఆశ్చర్యపోయింది.

అప్పుడే లోపలి నుంచి తాటిచెట్టంత రాక్షసి బయటికి వచ్చింది. కళ్ళు నిద్రలేక ఉబ్బి ఉన్నాయి.

“వద్దని మా అత్త చెక్కించినా వచ్చారే! సరే, వచ్చారు కదా, ముందు నా బిడ్డను పడుకోబెట్టండి. నాలుగు రోజులైంది నేను కన్ను మూసి. ఇప్పుడే కాస్త గుక్క ఆపాడు, మళ్ళీ అందుకుంటాడు. ఆ తరువాతే మాట.”

వాళ్ళు చెవుల్లో పుట్టమన్ను కూరుకుని లోపలికి వెళ్ళారు. ఇనుప గొలుసులతో వేలాడే రాతి ఉయ్యాల. అందులో దూడంత బిడ్డ నోరు తెరిచి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఓబులమ్మ రెండు చేతులా ఉయ్యాల తోసింది. మూడు జాములు తోసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. బిడ్డ ఆగడే! చివరికి అనంతుడు తాను కంఠస్థం చేసిన వ్యాకరణ శాస్త్రం మొదటి నుంచి వల్లించడం మొదలుపెట్టాడు. రెండో అధ్యాయం దాటకుండానే బిడ్డ కళ్ళు వాలిపోయాయి. తల్లి కూడా ఆవులించింది.

వాళ్ళు చెవుల్లో మన్ను తీశాక రాక్షసి మెత్తబడింది.

“మీవాళ్ళ మీద నాకేం పగ లేదమ్మీ. నెల తిరిగేదాకా కనుమలో భేరి మోగనివ్వొద్దని మీ కావలివాడు లక్కన్నకు ముందే చెప్పాను. వాడు నా ఎదుటే తాటాకు మీద రాశాడు. కుక్క మెడకు కట్టి కోటకు పంపాడు. అయినా భేరీలు కొట్టుకుంటూ వచ్చారు. బిడ్డ ఉలిక్కిపడి లేచాడు. నేనేం చేసేది?”

ఓబులమ్మ, అనంతుడు ముఖాలు చూసుకున్నారు. ఆ ఆకు సంగతి సభలో ఎవరూ ఎత్తలేదు.

రాక్షసి మూడు కడవలు తెచ్చి పెట్టింది. “ఒక దాంట్లో మీక్కావలసిన నీళ్ళున్నాయి. ఒకటి విషం, ఒకటి వందేళ్ళ నిద్ర. మా అత్త పేర్లు చెక్కించి పోయింది. నాకు చదువు రాదు. ఆవిడను అడగడానికి నామోషీ వేసింది.”

అనంతుడు ఒక్కొక్క కడవా తిప్పి పాత లిపి కూడబలుక్కుని చదివాడు. మూడోదాని మీద “ప్రాణజలం” అని ఉంది.

దిగేటప్పుడు ఓబులమ్మ పాదం రాతి పగులులో ఇరుక్కుని బెణికింది. కుంటుతూ దిగేసరికి ఏడో రోజు పొద్దు వాలుతోంది. కనుమ ఇంకా అరామడ ఉంది. ఆమె కడవ అనంతుడి భుజానికెత్తింది.

“నాలుగడుగులకు పీల్చు, నాలుగడుగులకు వదులు. పో అయ్యోరా!”

అనంతుడు పరుగెత్తాడు. రెండుసార్లు మోకాళ్ళ మీద పడ్డాడు, కడవను మాత్రం పడనివ్వలేదు. నాచు సైనికుల గుండెకు వేలెడు దూరంలో ఉండగా నీళ్ళు చల్లాడు. ముందు రాళ్ళు చెమర్చాయి. తరువాత మూడు వందల గొంతులు ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నాయి.

కుంటుకుంటూ వచ్చిన చెల్లెల్ని చూసి సంగప్ప, “ఏమే ఓబులా, ఉప్పు మూట యాడ పడేస్తివి?” అన్నాడు. ఆమె అన్న భుజం మీద నాలుగు గుద్దులు గుద్ది ఏడ్చేసింది.

మరునాడు సభ కిటకిటలాడింది. ఓబులమ్మను కనుమ దళానికి నాయకురాలిగా, అనంతుడిని ఆ దళం లేఖకుడిగా నియమించింది రాణి.

“ఇకమీదట పత్రం తెచ్చినవాడికి ఏడాది పరుగు నేర్పుతాం. పరుగు గెలిచినవాడికి ఏడాది చదువు నేర్పుతాం. ఆ తరువాతే పరీక్ష. ఇంకా ఏం కావాలో కోరుకో ఓబులమ్మా.”

“ఒక ప్రశ్నకు జవాబు కావాల తల్లీ. లక్కన్న పంపిన ఆకు ఏమాయె?”

రాతి నుంచి లేచిన లక్కన్న ముందుకొచ్చాడు. అతని కుడిచేతికి గాయం, గాయం నిండా పసుపు. “రాసి పంపాను మహారాణీ! సేనాని ముద్ర వేసే పంపాను. భేరీలు విని ఆపబోయేలోగా నేనూ రాయినయ్యాను.”

సేనాని ముద్ర ఉన్న లేఖను సేనాని తప్ప ఎవరూ విప్పరు. బయ్యనాయకుడు నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఆకు తీసి ఓబులమ్మ చేతికిచ్చాడు. అంచులన్నీ పసుపు మరకలు. ఆమె మొదటి మాట మీద వేలు పెట్టి, నెమ్మదిగా కూడబలుక్కుంది.

“రా... వ... ద్దు.”

ముసలి సేనాని కత్తి విప్పి రాణి పాదాల దగ్గర పెట్టాడు. తల మాత్రం వంచుకోలేదు.

“తప్పు నాది తల్లీ. లక్కన్నది కాదు, రాక్షసిది కాదు. నాకు చదవడం రాదు. మీ నాన్నగారు నా కండ చూసి సైన్యంలో చేర్చుకున్నారు. ఆ రోజుల్లో పత్రం అడిగినవాళ్ళు లేరు. సేనానినయ్యాక ఎవరినైనా నేర్పమని అడగడానికి సిగ్గేసింది. ఆకు అంచుకు పసుపు ఉంటే శుభవార్త, మసి ఉంటే కీడు. ముప్పై ఏళ్ళు అదే చూసుకుని నెట్టుకొచ్చాను. వానలు తగ్గాక కనుమ తెరుచుకుందని లక్కన్న ఏటా పసుపు ఆకు పంపుతాడు. ఇదీ అదేననుకున్నాను. వాడి చేతికి గాయమయిందని, ఆ పసుపే ఆకుకు అంటిందని నాకేం తెలుసు? భేరీలు కొట్టించి, నా బిడ్డల్లాంటి వాళ్ళను నేనే పంపాను. ఏడు రోజులూ ఈ ఆకు నడుముకు కట్టుకునే తిరిగాను. చదువు తెలిసినవాళ్ళకు చూపించే ధైర్యం చాలలేదు. ఓబులమ్మా, పోయినేడు పత్రం లేదని నిన్ను వెనక్కి పంపాను చూడు, ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నువ్వు చూపలేని పత్రం నా దగ్గరా లేదు. ఏ శిక్ష వేసినా పడతాను తల్లీ. ఒక్కటే అడుగుతున్నాను. ఇన్నాళ్ళూ పిల్లల చేత ఇసుక మోయించాను. రేపటి నుంచి ఈ పిల్ల పక్కన నా ముందు కూడా ఇంత ఇసుక పోయించండి. అందులో అక్షరాలు దిద్దుకుంటాను.”