తెల్ల దుప్పటి ముందు డైరెక్టర్

శవం వెనక తలుపు దగ్గర దొరికింది.

ప్యాకింగ్ చేసే అమ్మాయి. గోడౌన్‌లో మంటలు లేవగానే తక్కినవాళ్లు ముందు షట్టర్ కిందనుంచి దూరి బయటపడ్డారు. ఆమె వెనక్కి పరుగెత్తింది. ఆ తలుపుకి బయట గొలుసు. గొలుసుకి తాళం.

"తాళం ఎవరు వేయించారు?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

కంపెనీ పెట్టిన మనిషి చేతులు నలుపుకున్నాడు. "నాకేం సంబంధం లేదు సార్. నేను కిందటి నెలే దిగిపోయాను. ఇప్పుడు డైరెక్టర్ మా బావ. ఆన్‌లైన్‌లో చూసుకోండి, ఐడెంటిటీ వెరిఫై అయింది."

చూశాడు. నిజమే. ఫైర్ డిపార్ట్‌మెంట్ నోటీసు ఇచ్చిన వారానికే డైరెక్టర్ మారాడు. పేరు పక్కన పచ్చ టిక్కు.

ఇన్‌స్పెక్టర్ బావగారి ఇంటికి వెళ్లాడు.

వెనక గదిలో మంచం. మంచం మీద డైరెక్టర్. పక్షవాతం వచ్చి ఏడాది. కాలూ చెయ్యీ ఆడవు, మాట రాదు, మెడ నిలవదు. కళ్లు మాత్రం ఇన్‌స్పెక్టర్ వెంటే తిరిగాయి.

"వెరిఫికేషన్ ఎవరు చేశారమ్మా?"

"ఆయనే చేసుకున్నారు సార్," అంది భార్య. "అప్పుడు కాస్త నయంగా ఉండేవారు. మెడ తిప్పేవారు. మా తమ్ముడికి ఏమీ తెలీదు."

తమ్ముడి సంగతి ఇన్‌స్పెక్టర్ అడగనేలేదు.

సాయంత్రానికి వెరిఫికేషన్ వీడియో వచ్చింది. హెడ్ కానిస్టేబుల్ రెండుసార్లు చూసి పెదవి విరిచాడు.

"కళ్లార్పాడు. ఎడమకి తిరిగాడు, కుడికి తిరిగాడు. మొహం ఐడీ కార్డుతో సరిపోయింది. ఇందులో లొసుగేముంది సార్?"

"నువ్వు మొహం చూస్తున్నావు. కంప్యూటరూ అదే చూసింది."

మర్నాడు అక్కాతమ్ముళ్లని మంచం దగ్గరే నిలబెట్టాడు ఇన్‌స్పెక్టర్. ఫోన్‌లో వీడియో పెట్టాడు.

"వెనక తెల్లగా ఉన్నది గోడ కాదు, దుప్పటి. ఇప్పుడు చూడండి. తల ఎడమకి తిరిగింది. చెవుల వెనక దుప్పటి ముడతలు కూడా తిరిగాయి. తలతో పాటు దుప్పటి ఎందుకు తిరుగుతుందమ్మా?"

ఆమె తమ్ముడి వైపు చూసింది.

"దాని వెనక చేతులున్నాయి కాబట్టి. తల పట్టుకుని తిప్పింది మీరు. ఇక కళ్లు. ఫోన్‌లోకి చూడటం లేదు, దానికి పైన చూస్తున్నాయి. నిలబడ్డ మనిషి మొహం ఉండే ఎత్తున. తల ఎటు తిరిగినా అక్కడే అతుక్కున్నాయి. ఫోన్ పట్టుకున్న మనిషెవరు?"

"భలే కథ అల్లారు," తమ్ముడు నవ్వాడు. "కోర్టులో ముడతలు నిలబడతాయా సార్?"

నిలబడవు. ఆ సంగతి ఇన్‌స్పెక్టర్‌కీ తెలుసు. అందుకే మంచం మీదకి వంగాడు.

"మీకు నా మాటలు అర్థమవుతున్నాయని డాక్టర్ చెప్పారు. ఔనంటే ఒకసారి ఆర్పండి, కాదంటే రెండుసార్లు. ఫోన్ పట్టుకుంది మీ బావమరిదేనా? అక్కడ చచ్చిపోయిన పిల్లకి ఇరవై కూడా నిండలేదండీ."

కళ్లు తమ్ముడి వైపు తిరిగాయి. అక్కడే నిలిచాయి.

"చెప్పు బావా," తమ్ముడు మెల్లగా అన్నాడు. "నీ ఇష్టం. నాతో పాటు అక్కా లోపలికి పోతుంది. తర్వాత నీ నోట్లో నీళ్లు పోసేవాళ్లెవరో అదీ చూసుకో."

కళ్లు భార్య వైపు తిరిగాయి. ఆమె చేతిలో నీళ్ల గ్లాసు ఉంది.

రెప్పలు మూతపడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ ఎదురుచూశాడు. రెప్పల సందునుంచి నీరు చెంప మీదుగా చెవిలోకి జారింది. కళ్లు మాత్రం తెరుచుకోలేదు.

"ఇంకొక్కసారి చూడండి," బతిమాలాడు ఇన్‌స్పెక్టర్. "ఒక్కసారి."

ఆమె తువ్వాలుతో ఆ చెవి తుడిచింది.

"ఆయనకి నిద్రొస్తోంది సార్," అంది.

ఛార్జిషీట్‌లో ముద్దాయి ఒక్కడే. మంచం మీది మనిషి.