గుండె జీన్‌కు పని లేదట!

“శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. ఆ లోపల దొంగ దొరకాలి,” అంటూ చీఫ్ ఫైలును బల్ల మీదకు విసిరాడు.

ఏజెంట్ తెరిచి చూశాడు. ఏ జీన్ మన ఒంట్లో ఏ పని చేస్తుందో వర్గాలవారీగా చెప్పే డేటాబేస్. ఎడిటర్లు వేల పరిశోధన పత్రాలు చదివి దాన్ని నింపుతారు. మందుల కంపెనీలన్నీ దాన్నే నమ్ముతాయి. కొత్త ఎడిషన్ శుక్రవారం పన్నెండుకే విడుదల.

“ఒక విదేశీ ముఠా కొత్త మందుతో ఒక జీన్‌ను ఆపేయాలని చూస్తోంది. అది గుండె లయను కాపాడే జీన్ అని డేటాబేస్‌లో ఉన్నంతకాలం మందుకు పర్మిషన్ రాదు. ఆ మాట మార్చడానికి లోపల వాళ్ల మనిషి ఉన్నాడు. గుండె విభాగం ఎడిటర్ నీ మేనమామట?”

“నన్ను పెంచింది ఆయనే సార్.”

“మంచిదే. లోపలికి వెళ్లడానికి వేరే సాకు అక్కర్లేదు.”

ఆ డేటాబేస్ ఆఫీసులో గూఢచారి శాఖ ముందే ఒక ఏజెంటును పెట్టింది. కోడ్ పేరు సిల్క్. ఆమె వరండాలో నడిస్తే గదుల్లో టైపింగ్ చప్పుడు ఆగిపోయేది.

సోమవారం ఏజెంట్ మామయ్య కీబోర్డుకు గోరంత కీలాగర్ బిగించాడు. ఆయన నొక్కిన ప్రతి అక్షరమూ సిల్క్ ఫోనుకు చేరుతుంది. మంగళవారం మామయ్య గదిని ఆమె సోదా చేయాలి కాబట్టి, ఆయన్ను పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

“నా పంటి నొప్పి నీకు గుర్తుందిరా! మీ అత్తే మర్చిపోయింది,” అని మామయ్య మురిసిపోయాడు. ఏజెంట్ ఆయన మొహం చూడలేకపోయాడు.

శుక్రవారం పదకొండున్నరకు సిల్క్ ప్రింటవుట్ తెచ్చింది. జీన్ ఎదురుగా కొత్త మాట: ‘గుండెలో ఏ పనీ లేదు.’ కింద మామయ్య లాగిన్.

“సారీ. మీవాళ్లే,” అంది మెత్తగా.

అందరూ చూస్తుండగా మామయ్యకు బేడీలు పడ్డాయి. తాళంచెవి సిల్క్ తీసుకుంది. ఏజెంట్ ఆయన్ను కింద స్టోర్ రూములో కూర్చోబెట్టాడు.

“ఎందుకు మామయ్యా?”

ఆయన ప్రింటవుట్ అడిగి తీసుకున్నాడు. చివరిదాకా చదివాడు.

“ఆధారం ‘ల్యాబ్ ప్రయోగం’ అని రాశారు. చూపించిందేమో కంప్యూటర్ అంచనా వేసిన పేపరు. ఇరవయ్యేళ్లలో ఆ పాపం నేనెప్పుడూ చేయలేదు. పైగా టైము చూడు. మంగళవారం పది నలభై. అప్పుడు నేనెక్కడున్నానురా?”

ఏజెంట్ ప్రింటవుట్ లాక్కుని టైము చూశాడు. అప్పుడు డాక్టరు కుర్చీ పక్కన మామయ్య చెయ్యి పట్టుకుని నిలబడింది తనే. పాస్‌వర్డు సిల్క్ చేతికి అందించిందీ, ఆమెకు గది ఖాళీ చేసి ఇచ్చిందీ తనే.

“ఏ ఎడిటరైనా అభ్యంతరం పెడితే విడుదల ఆగుతుంది. పద!” అన్నాడు మామయ్య.

పదకొండు యాభై ఎనిమిది. ఇద్దరూ మెట్లెక్కి పరుగెత్తారు. సిల్క్ లేదు, తాళంచెవీ లేదు. మామయ్య బేడీలతోనే టైపు చేశాడు: ‘ఆధారం తప్పు. ఈ ఎంట్రీ నాది కాదు.’

ఇంకా నాలుగు సెకన్లుండగా స్క్రీన్ ఎర్రబడింది. విడుదల ఆగిపోయింది. సిల్క్‌ను గేటు దగ్గర పట్టుకున్నారు.

బేడీలు తీస్తూ ఏజెంట్, “క్షమించు మామయ్యా,” అన్నాడు.

“కంప్యూటర్ అంచనాకైనా, ఇంకా రుజువు కాలేదని పక్కన ఓ గుర్తు పెడతాంరా. నా పేరు పక్కన నువ్వు అదీ పెట్టలేదు.”

ఆ తర్వాత అత్త అతని ఫోను ఎత్తలేదు.

నెల తిరక్కుండా ఏజెంట్‌కు ప్రమోషన్ వచ్చింది. ఆర్డరు అడుగున చీఫ్ తన చేత్తో ఒక మెచ్చుకోలు రాశాడు: “సొంతవాళ్లను సైతం అనుమానించగల సమర్థుడు.”