అమ్మ తినని తీపి

ఆ ఇంట్లో తెల్లవారగానే వినిపించేది తాళంచెవుల చప్పుడు. పంచదార, బిస్కెట్లు, పళ్ళు అన్నీ అలమారలో పెట్టి కొడుకు తాళం వేసుకుంటాడు. ఎవరికి కాఫీలోకి చెంచాడు పంచదార కావాలన్నా ఆయనగారి గది తలుపు తట్టాల్సిందే. ఇంత కట్టుదిట్టం ఎవరి కోసమయ్యా అంటే, జీవితమంతా బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన అతని కన్నతల్లి కోసం. ఆమెకు షుగరు. రోజూ ఇన్సులిన్ పడుతున్నా ఈమధ్య షుగరు దిగిరావడం లేదు.

"మళ్ళీ మూడువందలు దాటింది," మీటరు చూసి కొడుకు నిట్టూర్చాడు. "ఏం తిన్నావమ్మా?"

"నువ్వు పెట్టిందే. ఉప్పూకారం లేని ఉడికిన కూరలు. అవి తిన్నాక దొంగతనం చేసే ఓపిక కూడానా?"

"వెటకారం వద్దు. మోతాదు పెంచినా దిగలేదంటే ఏదో తింటున్నట్టేగా. రోగుల్ని కనిపెట్టుకుని చూసే ఆశ్రమంలో నెల్లాళ్ళుంటే నీకే మంచిది. మధ్యాహ్నం వాళ్ళ కారు వస్తుంది. తిన్నానని ఒప్పుకుని, ఇక ముట్టనని చెప్పు, ఇప్పుడే కారు వద్దని చెప్పేస్తాను."

ఆమె కుర్చీలో వెనక్కి జారగిలబడింది. "కారు రానీ. నేను ఎక్కను. తినని తీపి తిన్నానని కూడా అనను."

తండ్రి అప్పుడే ఉదయపు నడక ముగించి లోపలికొచ్చాడు. ఆయన టైలరు. చేతివాటం మంచిదని భార్యకు సూది వేసే పని ఆయనే తీసుకున్నాడు. గొడవంటే మాత్రం ఆమడదూరం పరిగెత్తే మనిషి.

"పోనీ, తిన్నానని ఒక్కమాట అనేయరాదూ?" అన్నాడు బతిమాలుతూ. "ఎవరు తినరు? ఇంట్లోనే ఉంటావు."

"మీరూ నమ్మారన్నమాట," అందామె.

అన్నేళ్ళు కాపురం చేసినవాడు ఆ మాటంటే ఏ ఇల్లాలికైనా ఒళ్ళు మండుతుంది. ఆమెకు ఒళ్ళూ మండింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. అవి కింద పడకుండా ఆపుకుని కూతురి వైపు తిరిగింది. కూతురు ప్రోటీన్ల మీద పరిశోధన చేస్తుంది. ల్యాబుకు వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటూ, ఈ రభసలో తలదూర్చకుండా జారుకుందామని చూస్తోంది.

"నువ్వు చెప్పవే. నేను స్నానానికెళ్ళినప్పుడు నా దిండు కింద వెతికావుగా. ఏం దొరికింది?"

కూతురి మొహం మాడిపోయింది. "ఏమీ లేదమ్మా."

"ఏమీ దొరక్కపోయినా నేను దొంగనే. సరే, ముగ్గురూ నా లెక్క వినండి. కొత్త ఇన్సులిన్ సీసా తెరిచిన వారం నా షుగరు బుద్ధిగా దిగుతోంది. సీసా సగమయ్యేసరికి పెరుగుతోంది. ప్రతిసారీ ఇదే తంతు. కొత్త సీసాను చూసి జడిసి దొంగతనం మానేసే దొంగ ఎక్కడైనా ఉందా?"

కొడుకు ఏదో అనబోయాడు. కూతురు చెయ్యెత్తి ఆపింది. చెప్పులు విడిచి తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, మందు సీసా ఏది?"

ఆయన ఫ్రిజ్ వైపు వెళ్ళలేదు. చొక్కా గుండీ విప్పి, లోపల రొమ్ముకు ఆనుకుని ఉన్న జేబులోంచి సీసా తీశాడు. మెత్తటి గుడ్డతో తనే కుట్టుకున్న జేబు.

"చల్లటి మందు పొడిస్తే అమ్మ పళ్ళు బిగబట్టేదమ్మా. చూడలేకపోయాను. అందుకే నడకకు వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్తాను. పార్కు చుట్టూ గబగబా తిరిగొచ్చేసరికి గోరువెచ్చగా అవుతుంది. చలి మొదలైనప్పటి నుంచీ ఇంతే."

కూతురు సీసాను కిటికీ వెలుగులో పట్టుకుంది. నీళ్ళలా తేటగా ఉండాల్సిన మందు పలచటి పొగ పట్టినట్టుంది. కొడుకు కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూశాడు.

"ఇన్సులిన్‌ను కావాలని పాడుచెయ్యాలంటే మా ల్యాబులో చేసేది ఇదే నాన్నా. వెచ్చగా ఉంచి కుదుపుతాం." ఆమె సీసాను బల్ల మీద పెట్టింది. "అందులోని అణువులు విడివిడిగా, మడత చెదరకుండా ఉంటేనే పనిచేస్తాయి. వేడికీ కుదుపుకీ మడత విడిపోయి ఒకదాన్నొకటి అంటుకుంటాయి. మొదట్లో ఏమీ తెలియదు. నాలుగు కలిసి ఒక పోగు అయ్యాయంటే మిగతావన్నీ వచ్చి దానికే అతుక్కుంటాయి. సీసా ఖాళీ అయ్యేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, గాలి తగిలినచోట ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అమ్మ ఒంట్లోకి వెళ్ళింది పనిచెయ్యని మందు. రోజంతా ఇదే పనిలో ఉండి కూడా, నేను సీసా చూడకుండా దిండు ఎత్తి చూశాను."

కొడుకు ఫోను తీసి కారు వద్దని చెప్పాడు.

"డాక్టరుకి కూడా చెయ్యి," అంది కూతురు. "మంచి మందు ఈ పెంచిన మోతాదులో వేస్తే షుగరు మరీ పడిపోతుంది. ఎంత వెయ్యాలో కనుక్కున్నాకే కొత్త సీసా తెరుద్దాం."

తండ్రి భార్య కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు.

"నా చేతులతో నేనే నీ మందు పాడుచేశాను," అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"దానికి ఏడవకండి. అది మీకు తెలియక జరిగింది, నా మీద ప్రేమతో జరిగింది," అందామె. "నేను దొంగతనంగా తింటున్నానని మాత్రం, నా సంగతి తెలిసుండీ నమ్మారు. దానికి ఏడవండి, నేను కాదనను."

ఆయన తలెత్తలేకపోయాడు. "తప్పే. నిన్ను నమ్మకపోవడం తప్పే," అన్నాడు. కూతురు వచ్చి తల్లి మోకాళ్ళ మీద తల ఆనించింది. కొడుకు గుమ్మం దగ్గరే నిలబడి, "నన్ను కూడా తిట్టమ్మా," అన్నాడు.

"తిడతాను. తీరిగ్గా, రోజుకు కాసేపు," అని ఆమె భర్త భుజం మీద చెయ్యి వేసింది. "ఇకనుంచి సూది నేనే వేసుకుంటాను. చల్లగా ఉన్నా సరే."

"నొప్పి పుడుతుందే," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ.

"పుట్టనివ్వండి. పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటాను. మీరు నన్ను నమ్మకపోవడాన్నే, ఎంత బిగబట్టినా ఓర్చుకోలేకపోయాను."